లెక్కలలోని సమాసం

గణిత పాఠ్యపుస్తకాలలో ‘బీజీయ సమాసం’ అన్న మాట ఎదురైనప్పుడల్లా తెలుగు వ్యాకరణం చదివినవాని చూపు అక్కడ ఒక క్షణం ఆగుతుంది. వ్యాకరణంలో సమాసమంటే వేరువేరు అర్థాలు గల పదాలు ఒకటిగా కూడి ఒక కొత్త అర్థాన్ని ఇవ్వడం. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఒక పరిచ్ఛేదమంతా దానికే కేటాయించాడు. గణితంలో సమాసమంటే సంఖ్యలు, సంఖ్యలకు మారుగా నిలిచే అక్షరాలు, వాటిని కలిపే గుర్తులు ఒకటిగా కూడి ఒకే విలువను తెలపడం. ఈ పరిభాషను కూర్చిన పెద్దల చూపు నిశితమైనది. వ్యాకరణ సమాసానికి విగ్రహవాక్యం చెప్పనిదే అర్థం తేలదు. గణిత సమాసానికి ఏ పని ముందో, ఏ పని వెనుకో చెప్పనిదే విలువ తేలదు. ఈ రెండు విషయాలూ నిజానికి ఒక్కటేనని, కంప్యూటరు పేరు వింటే జంకే తెలుగు, ఉర్దూ మాధ్యమాల విద్యార్థులకు ఇందులో ధైర్యం చెప్పే సంగతి ఒకటి ఉన్నదని విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కంప్యూటరుతో మాట్లాడే భాషలు వందలకొలది ఉన్నవి. వాటన్నింటి లోపల ఒక చిన్న భాష దాగి ఉంటుంది. లెక్క చెప్పి విలువ అడగడం తప్ప దానికి వేరే పని లేదు. ఎక్సెల్ పట్టికలోని గడిలో సమాన చిహ్నం పెట్టి రాసేది ఆ భాషే. ఫోనులోని క్యాలిక్యులేటరుకు తెలిసినది కూడా ఆ భాషే. ఇందులో సంఖ్యలు, చరరాశులు నామవాచకాల వంటివి. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, పోలిక మొదలైన పరిక్రియలు క్రియాపదాల వంటివి; ‘పరిక్రియ’ అన్న మాటలోనే ‘క్రియ’ ఉన్నది. ఇక కుండలీకరణాలు, అనగా మనం వాడుకలో బ్రాకెట్లు అనేవి, ఏ మాట ఏ మాటతో పొందుతుందో చెప్పే గుర్తులు. ఇంతటితో ఆ భాషకు నిఘంటువు పూర్తి అయినది. మిగిలినదంతా వాక్యనిర్మాణమే.

నిర్మాణం అర్థాన్ని ఎంతగా మార్చగలదో తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ‘పాత పుస్తకాల అంగడి’ అన్నప్పుడు పాతవి పుస్తకాలా, పాతది అంగడియా? రెండు విగ్రహాలూ చెల్లుతాయి. సంస్కృత పండితులు చెప్పే ఇంద్రశత్రు వృత్తాంతం ఇంతకంటె తీవ్రమైనది. ఇంద్రుని చంపగల కుమారుని కోరి త్వష్ట యజ్ఞం చేశాడు. ‘ఇంద్రశత్రు’ అన్న సమాసాన్ని తత్పురుషంగా పలుకవలసిన చోట స్వరం తప్పినందున అది బహువ్రీహి అయినది. ఇంద్రుని చంపేవాడు అనవలసినది, ఇంద్రునిచేత చచ్చేవాడు అని మారిపోయినది. మాటలలో ఒక్క అక్షరం మారలేదు. వాటి పొందిక మాత్రమే మారినది. వృత్రుడు హతుడైనాడు. యజ్ఞంలోని మంత్రం పలికినవాని ఉద్దేశాన్ని అడుగదు. యంత్రం కూడా అంతే.

ఇప్పుడు 2 + 3 × 4 అన్న చిన్న సమాసాన్ని తీసుకుందాం. ఎడమనుండి వరుసగా చేసుకుంటూ పోతే 20. గుణకారం ముందు చేస్తే 14. బడిలో బోడ్మాస్ అని వల్లె వేయించిన నియమం ప్రకారం 14 సరియైనది. ఎందుకు? గుణకారానికి పుట్టుకతో వచ్చిన గొప్పతనం ఏదీ లేదు. పదిమందీ కలిసి ఒప్పుకున్న కట్టుబాటు మాత్రమే ఉన్నది. ఆ కట్టుబాటును యంత్రానికి బోధించే పద్ధతి మూడు వాక్యాల వ్యాకరణం. సమాసమంటే ఒక పదం, లేదా ఒక సమాసానికి కూడిన మరొక పదం. పదమంటే ఒక కారణాంకం, లేదా ఒక పదాన్ని గుణించిన మరొక కారణాంకం. కారణాంకమంటే ఒక సంఖ్య, లేదా బ్రాకెట్లలో ఉంచిన ఒక సమాసం. ఈ మూడు సూత్రాలు చాలును. గుణకారం పదం లోపల జరిగే పని గనుక ముందు జరుగుతుంది. కూడిక పదాల నడుమ జరిగే పని గనుక తరువాత జరుగుతుంది. మూడవ సూత్రంలో మళ్ళీ సమాసమే వచ్చినది గనుక బ్రాకెట్ల లోపల బ్రాకెట్లు ఎన్నైనా ఉండవచ్చును.

కంప్యూటరు భాషల వ్యాకరణాన్ని ఇటువంటి సూత్రాలలో చెప్పే సంప్రదాయం 1960లో అల్గోల్ భాషతో స్థిరపడినది. దానికి బాకస్, నార్ అనే ఇద్దరి పేర్లు పెట్టారు. ఇంగర్‌మన్ అనే ఆయన 1967లో, ఈ పద్ధతికి పాణిని పేరును జోడించడం న్యాయమని ప్రతిపాదించాడు. రెండు సూత్రాలు ఢీకొన్న చోట తరువాతి సూత్రమే చెల్లుతుందని అష్టాధ్యాయి నియమించినది. ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్న మన వ్యాకరణశాస్త్రానికి అంత పాతది.

ఆచరణలో ఈ కట్టుబాటు అన్ని యంత్రాలకూ ఒకటి కాదు. పూర్ణా మార్కెట్టులో ఏ దుకాణంలోనైనా బల్లమీద ఉండే చిన్న క్యాలిక్యులేటరులో 2 + 3 × 4 వరుసగా నొక్కితే 20 వస్తుంది. అదే దుకాణదారుని జేబులోని ఫోనులో 14 వస్తుంది. ఆయన దీనికి ఏమాత్రం తికమకపడడు. యాభై రూపాయల సరుకు ఒకటి, కిలో నలభై చొప్పున మూడు కిలోలు కొన్నవారికి ఆయన ముందు మూడు నలభైలు కట్టి, ఆ తరువాతనే యాభై కలుపుతాడు. బేరాలు ఎక్కువైతే ఒక్కొక్క గుణకార ఫలితాన్ని ఎమ్ ప్లస్ మీటతో పక్కకు దాచి, చివర మొత్తం పిలుస్తాడు. ఆయన బుద్ధిలో బ్రాకెట్లు ఉన్నవి. యంత్రానికి అవి తెలియనక్కరలేదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, లెక్క తెలిసిన మనిషి తప్పుకుని యంత్రం ఒక్కటే మిగిలినప్పుడు.

మన ఊరి నుండే రెండు దృష్టాంతాలు చెబుతాను. 1933లో ఆరంభమైన మన రేవులో బొగ్గు, ముడి ఇనుము వంటి సరుకులను ఓడలోకి గుట్టలుగా పోస్తారు. అంత సరుకును తూచే తక్కెడ లేదు. కాబట్టి ఓడనే తక్కెడగా వాడుకుంటారు. దీనిని డ్రాఫ్ట్ సర్వే అంటారు. ఓడ నీటిలో ఎంత లోతు మునిగినదో ముందుభాగాన, నడుమ, వెనుకభాగాన ఉన్న అంకెల గుర్తులను బట్టి చదువుతారు. బరువుకు ఓడ నడుము కొద్దిగా వంగుతుంది గనుక నడిమి కొలతకు ఆరు రెట్లు విలువ ఇచ్చి సగటు కడతారు: (ముందు + 6 × నడుమ + వెనుక) ÷ 8. ముందు 12.00, నడుమ 12.32, వెనుక 12.80 మీటర్లు అనుకుంటే మొత్తం 98.72, ఎనిమిదితో భాగిస్తే 12.34 మీటర్లు. ఓడ పట్టికలో ఆ లోతుకు ఎంత బరువో చూసి, నీటి సాంద్రతను బట్టి సవరించుకుంటారు. ఎత్తడానికి ముందూ తరువాతా వచ్చిన బరువుల తేడాలో నుండి ఇంధనం, నీరు మొదలైనవాటి మార్పును సరిచేస్తే సరుకు తూకం తేలుతుంది. ఈ సూత్రాన్ని పట్టికలో రాసేటప్పుడు ఒక్క బ్రాకెట్ల జత మరచిపోతే భాగహారం వెనుక కొలతకు మాత్రమే తగులుతుంది. జవాబు 87.52 మీటర్లు అవుతుంది. అంత లోతు మునిగే ఓడ లోకంలో లేదు గనుక చూసినవాడెవడైనా నవ్వుకుని దిద్దుకుంటాడు. ఇది కేక వేసి తనను తాను పట్టించే తప్పు.

రెండవది ఉక్కు దృష్టాంతం. 1992లో జాతికి అంకితమైన మన కర్మాగారంతో ఈ ఊరికి ఉక్కునగరమనే పేరు స్థిరపడినది. ఉక్కు కడ్డీ వెల్డింగుకు అనువుగా ఉంటుందా లేదా అన్నది అందులో కలిసిన మూలకాలను బట్టి చెప్పడానికి కార్బన్ ఈక్వివలెంట్ అనే విలువ కడతారు. కార్బన్ శాతానికి మాంగనీసులో ఆరవ వంతు, క్రోమియం, మాలిబ్డినం, వనేడియంల మొత్తంలో ఐదవ వంతు, నికెల్, రాగిల మొత్తంలో పదిహేనవ వంతు కలపాలి. కార్బన్ 0.20, మాంగనీసు 0.90, క్రోమియం 0.10, మాలిబ్డినం 0.02, నికెల్ 0.06, రాగి 0.09 శాతం ఉండి, వనేడియం లేదనుకుందాం. సరియైన విలువ 0.384. ‘మొత్తంలో’ అన్న మాటకు బదులుగా నిలిచే బ్రాకెట్లు జారిపోతే క్రోమియం, మాలిబ్డినం, నికెల్ భాగింపబడకుండానే కలిసిపోయి 0.536 వస్తుంది. ఇది నవ్వు పుట్టించే అంకె కాదు. ఏదో ఒక ఉక్కుకు నిజంగానే ఉండదగిన అంకె. మంచి కడ్డీ పనికిరాదని పక్కన పెడతారు. ఎవరికీ అనుమానం రాదు. కేక వేయని తప్పు ఇటువంటిది, దానికే ఎక్కువ భయపడాలి.

పోనీ, బోడ్మాస్ గట్టిగా నేర్చుకుంటే చాలునా? చాలదు. ఎక్సెల్‌లో –2^2 అని రాస్తే జవాబు 4. పైథాన్ భాషలో అదే లెక్కను దాని గుర్తులతో రాస్తే జవాబు –4. మొదటిది ఋణచిహ్నాన్ని ముందు పట్టించుకుంటుంది, రెండవది ఘాతాన్ని. ఐవర్సన్ రూపొందించిన ఏపీఎల్ భాషలో పరిక్రియలకు హెచ్చుతగ్గులే లేవు. అందులోని సమాసాన్ని మన ఉర్దూ పుట వలె కుడినుండి ఎడమకు పరిష్కరించుకోవాలి. విద్యార్థులకు మరింత దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. మార్కులు 35కు తక్కువ కాకుండా 100కు మించకుండా ఉన్నవని పరీక్షించడానికి 35 <= మార్కులు <= 100 అని గణితంలో రాస్తాం. సి భాషలో ఆ వరుసనే రాస్తే ఇరవై మార్కులవాడు కూడా గట్టెక్కుతాడు. ఎందుకంటే ఆ భాష ముందు 35 <= 20 అన్నంతవరకే చూసి, అది అబద్ధం గనుక 0 అంటుంది. ఆ పిమ్మట 0 <= 100 అని చూసి, నిజమే అంటుంది. పైథాన్‌లో అదే కూర్పు మనం అనుకున్న అర్థమే ఇస్తుంది. చూడడానికి ఒకటే వాక్యం. భాషను బట్టి అర్థం వేరు. కాబట్టి కట్టుబాటును నమ్ముకోవడం కంటె ఉద్దేశాన్ని కూర్పులోనే పెట్టడం మేలు.

ఇక్కడే మన భాషల ప్రసక్తి వస్తుంది. సుమారు 820 ప్రాంతంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ బీజగణిత గ్రంథం రాసినప్పుడు అందులో గుర్తులే లేవు. లెక్కలన్నీ మాటలలోనే నడిచాయి. ఆ గ్రంథనామంలోని ‘అల్ జబ్ర్’ నుండి ఆల్జీబ్రా అన్న మాట, ఆయన పేరునుండి అల్గారిథం అన్న మాట పుట్టాయి. మన భాషలో పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చినప్పుడూ లెక్క మాటలలోనే ఉన్నది. సమాన చిహ్నాన్ని ఇంగ్లండులో రాబర్ట్ రికార్డ్ ముద్రించినది 1557లో. గుర్తులు వచ్చి లెక్క పొట్టి అయినది. కాని మాటలలో ఉన్న పొందిక జారి, దాని స్థానంలో బోడ్మాస్ వంటి కట్టుబాట్లు అవసరమైనవి.

బ్రాకెట్లు లేకుండా, కట్టుబాటు లేకుండా అర్థం తిరుగులేకుండా ఉండే రాత సాధ్యమా అని పోలండు దేశపు తర్కశాస్త్రవేత్త యాన్ వుకాషెవిచ్ ఆలోచించాడు. 1924లో ఆయనకు తోచిన మార్గం, గుర్తును రెండు సంఖ్యల మధ్య కాక వాటికి ముందు పెట్టడం. 2 + 3 అనడానికి బదులు + 2 3 అనడమన్నమాట. దీనిని పోలిష్ పద్ధతి అంటారు. 1950వ దశకంలో ఆస్ట్రేలియాకు చెందిన చార్ల్స్ హాంబ్లిన్ మొదలైనవారు దీనిని తిరగవేసి, గుర్తును చివర పెట్టే పద్ధతిని యంత్రాలకు ఉపయోగించారు: 2 3 +. హ్యూలెట్ ప్యాకర్డ్ వారు 1972లో తెచ్చిన హెచ్‌పీ–35 అనే జేబు క్యాలిక్యులేటరు ఈ పద్ధతిలోనే పనిచేసేది. దాని మీద సమాన చిహ్నపు మీట కూడా లేదు.

గుర్తు చివర వచ్చే ఈ పద్ధతి పాశ్చాత్యులకు వింతగా తోచినది. మనకు వింత కానక్కరలేదు. తెలుగులో లెక్క చెప్పి చూడండి: ‘మూడును నాలుగుతో గుణించి, రెండు కలుపు.’ మాటలు తీసి గుర్తులు పెడితే 3 4 × 2 +. ఒక్క మాట స్థానం మార్చనక్కరలేదు. ‘రెండుకు మూడు కలిపి, నాలుగుతో గుణించు’ అంటే 2 3 + 4 ×. ఈ రెండు వాక్యాలను ఏ తెలుగువాడూ పొరబడి అర్థం చేసుకోడు. బోడ్మాస్ అక్కరలేదు, బ్రాకెట్ అక్కరలేదు. క్రియ చివర నిలిచే భాష మనది గనుక, పని చెప్పేలోపు ఆ పనికి కావలసిన వస్తువులన్నీ వచ్చి కూర్చుంటాయి. నేను ఇంట ఉర్దూలో లెక్కలు విని, బడిలో తెలుగులో చేసినవాణ్ణి. ‘తీన్ కో చార్ సే జర్బ్ దేకర్ దో జమా కరో’ అన్న ఉర్దూ వాక్యం కూడా అక్షరాలా అదే వరుస. తెలుగు ద్రావిడభాష, ఉర్దూ ఆర్యభాష. లిపులు ఎదురెదురు దిక్కులకు నడుస్తాయి. అయినా క్రియను చివర నిలపడంలో రెండూ ఏకీభవించాయి. ‘గుణించి’ అన్న చోట ‘జర్బ్ దేకర్’ సరిగ్గా సరిపోతుంది. ఇంగ్లీషులో ఆజ్ఞ ‘యాడ్’ అని క్రియతో మొదలవుతుంది. అది వుకాషెవిచ్ మొదటి పద్ధతికి దగ్గర.

మరి 2 + 3 × 4 అని మనం రాసినప్పుడు యంత్రం లోపల జరిగేదేమిటి? డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1961లో ఒక మార్గం వివరించాడు. దాని పేరు షంటింగ్ యార్డు. బైలదిల్లా ముడి ఇనుము కొత్తవలస–కిరండూల్ లైను మీదుగా దిగి వచ్చే ఈ ఊరిలో ఆ పేరుకు అర్థం చెప్పనక్కరలేదు. సంఖ్యలు ఆగకుండా నేరుగా సాగిపోయే వ్యాగన్లు. పరిక్రియలు పక్క లైనులో ఆగే వ్యాగన్లు. 2 సాగిపోతుంది, + పక్క లైనులోకి వెళుతుంది, 3 సాగిపోతుంది. × వచ్చి, అక్కడ ఉన్న + తనకంటె తక్కువది గనుక దాని వెనుకనే నిలుస్తుంది. 4 సాగిపోతుంది. సరుకు అయిపోయినది గనుక పక్క లైనులో చివర చేరినది ముందు బయటికి వస్తుంది: ముందు ×, తరువాత +. బయట ఏర్పడిన వరుస 2 3 4 × +. ‘రెండుకు, మూడును నాలుగుతో గుణించగా వచ్చినదానిని కలుపు’ అన్న తెలుగు వాక్యమే అది. ఆ పిమ్మట యంత్రం సంఖ్యలను పళ్ళేల దొంతర వలె ఒకదానిపై ఒకటి పెట్టుకుంటూ, గుర్తు రాగానే పైనున్న రెండింటిని తీసి, లెక్క కట్టి, ఫలితాన్ని తిరిగి దొంతరపై ఉంచుతుంది. అనేక యంత్రభాషలు లోలోపల చేసే పని ఇదే. విద్యార్థులారా, కంప్యూటరు ఇంగ్లీషు వాక్యంలో ఆలోచిస్తుందన్న బెదురు మానండి. అది మీరు ఇంట్లో మాట్లాడే వాక్యక్రమంలోకి మార్చుకున్న తరువాతనే లెక్క కడుతున్నది.

ఇంతవరకు చెప్పినది సంఖ్యల సంగతి. ఈ చిన్న భాషలో మరొక జాతి పరిక్రియలు ఉన్నవి. అవి ‘మరియు’, ‘లేదా’, ‘కాదు’. వీటి ఫలితం అంకె కాదు. ఔను, కాదు అన్న రెండు మాటలే. మనుషుల అర్హతలను తేల్చేవి ఇవి. గుణకారం కూడికకు ముందు వచ్చినట్లే చాలా భాషలలో ‘మరియు’ అన్నది ‘లేదా’కు ముందు వస్తుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక సంస్థ రుసుము సహాయానికి ఇటువంటి ప్రకటన ఇచ్చినది: తండ్రి లేనివారు లేదా ఆదాయం పరిమితికి లోబడినవారు మరియు హాజరు 75 శాతం కలవారు అర్హులు. నేనెరిగిన ఒక విద్యార్థినికి తండ్రి లేడు. ఉదయంపూట తల్లితోపాటు కుట్టుపని చేసేది గనుక హాజరు 68 శాతమే ఉన్నది. తండ్రి లేనివారికి హాజరు నిబంధన వర్తింపకూడదనే నియమం రాసినవారు ఉద్దేశించారు. అటువంటి పిల్లలు పనికి పోవలసి వస్తుందని వారికి తెలుసు. కాని ఆ వాక్యాన్ని పట్టికలోకి ఎక్కించినవారు దానిని మరొక విధంగా విడదీశారు. తండ్రి లేకపోవడమో ఆదాయం తగ్గడమో ఏదో ఒకటి, దానితోపాటు హాజరు. ఎక్సెల్‌లో ఈ తర్కపదాలు వుకాషెవిచ్ పద్ధతిలో ముందుకు వస్తాయి. ఏది బయట, ఏది లోపల అన్నది రాసేవారే నిర్ణయించాలి. ‘మరియు’ బయట, ‘లేదా’ లోపల పడినది. ఆ అమ్మాయి పేరు జాబితాలో రాలేదు. ఆమె తల్లి అన్నగారి వద్ద అప్పు చేసి గడువులోగా రుసుము కట్టినది. నియమం రాసినవారిని కలిసి అడిగి దిద్దించేసరికి ఆ సంవత్సరపు సహాయం పంపిణీ అయిపోయినది.

ఈ వ్యవహారంలో ఎవరి దురుద్దేశమూ లేదు. పట్టికను పరీక్షించి చూడలేదా అంటే, చూశారు. అయితే మూడు షరతులకు ఔను, కాదు చొప్పున ఎనిమిది స్థితులు ఏర్పడతాయి. రెండు విధాల విగ్రహాలనూ ఆ ఎనిమిదింటికీ అన్వయిస్తే ఆరింటిలో ఒకే జవాబు వస్తుంది. తేడా వచ్చేవి రెండే: తండ్రి లేక, హాజరు తగ్గి, ఆదాయం పరిమితిలోపు ఉన్న స్థితి ఒకటి, తండ్రి లేక, హాజరు తగ్గి, ఆదాయం పరిమితి దాటిన స్థితి ఒకటి. అనగా మిగిలినవారెవరి విషయంలోనూ ఆ తప్పు బయటపడదు. ఎవరికోసం ఆ మినహాయింపు పెట్టారో వారి మీదనే, వారి ఒక్కరి మీదనే అది పడుతుంది. కేక వేయని తప్పు అని ఉక్కు విషయంలో అన్నాను. ఇక్కడ కేక వేయగలిగినది ఆ అమ్మాయి ఒక్కతే. ఆమెకు నియమం చదివే అలవాటు గాని, అడిగే చనువు గాని లేదు.

తెలుగు అధ్యాపకునిగా నాకు ఈ విషయంలో కనబడినది మరొకటి ఉన్నది. ఆ ప్రకటనలో లోపించినవి గణితపు బ్రాకెట్లు మాత్రమే కావు, తెలుగు కూడా. ‘మరియు’, ‘లేదా’ అన్న మాటలను ఇంగ్లీషు వాక్యంలోని స్థానాలలోనే కుట్టడం కార్యాలయపు తెలుగు. మన వాక్యానికి పొందికను చూపే సాధనాలు సహజంగానే ఉన్నవి. ‘తండ్రి లేనివారు అర్హులు, ఆదాయం పరిమితికి లోబడి ఉండి, హాజరు 75 శాతం ఉన్నవారు కూడా అర్హులు’ అంటే ఒక అర్థం. ఇందులో ‘ఉండి’ అన్న క్త్వార్థకం ఆదాయాన్ని, హాజరును ఒకే బ్రాకెట్లో బిగించినది. ‘తండ్రి లేనివారైనా, ఆదాయం పరిమితికి లోబడినవారైనా, హాజరు 75 శాతం ఉంటేనే అర్హులు’ అంటే రెండవ అర్థం. ఇందులో జంటగా వచ్చిన ‘ఐనా’ మొదటి రెండింటిని ఒక బ్రాకెట్లో పెట్టినది. ఉర్దూలో ‘హోకర్’ మొదటి పని చేస్తుంది. జంటగా వచ్చే ‘ఖ్వాహ్’ రెండవ పని చేస్తుంది. నోటితో చెప్పేటప్పుడు పల్లెలోని ముసలమ్మ కూడా ఈ భేదాన్ని పాటిస్తుంది. కాగితం మీదికి వచ్చేసరికి చదువుకున్నవారమే దానిని జారవిడుస్తున్నాం.

కాబట్టి రెండు మనవులు. మొదటిది విద్యార్థులకు. ఏ గడిలోనైనా సూత్రం రాసేముందు దానిని మీ భాషలో, క్రియ చివర వచ్చేటట్లు ఒకసారి పైకి చెప్పుకోండి. అదే దాని విగ్రహవాక్యం. ఎక్కడ ‘గుణించి’, ‘కలిపి’, ‘ఉండి’ అన్నారో అక్కడ ఒక బ్రాకెట్ల జత ముగిసినదని తెలుసుకోండి. కట్టుబాటు ప్రకారం అవసరం లేని చోట కూడా బ్రాకెట్లు పెట్టండి. వాటికి ఖర్చు లేదు, యంత్రం విసుక్కోదు, మీ తరువాత చదివేవాడు సంతోషిస్తాడు.

రెండవది కళాశాల కమిటీ పెద్దలకు. రుసుము మినహాయింపు గాని, వసతిగృహ ప్రవేశం గాని, ఏ నియమమైనా ముందుగా తెలుగులోను ఉర్దూలోను సహజమైన వాక్యంగా రాయించి, ఆ రెండూ ఒకే అర్థం ఇస్తున్నవని సరిచూసిన పిమ్మటనే పట్టికలోకి ఎక్కించవలసినదిగా ప్రార్థిస్తున్నాను. మూడు షరతులు ఉంటే ఎనిమిది వరుసలు, నాలుగు ఉంటే పదహారు వరుసలు గీసి, ప్రతి వరుసలోని విద్యార్థికి మనం ఏమి చెప్పదలిచామో చేతితో రాసి, యంత్రం చెప్పినదానితో పోల్చి చూడాలి. దానికి పావుగంట పడుతుంది. జాబితా గోడకు అంటించక ముందు ఆ పావుగంట మన చేతిలో ఉంటుంది. అంటించిన తరువాత అది ఒక బిడ్డ చదువులోనుండి పోతుంది.